పాత బోర్లు

మొన్న సోమవారం పొద్దున మా మేనమామ మదనపల్లె ఆసుపత్రిలో పోయారు. అత్త ఫోన్లో ఆ మాట చెప్పగానే ఏడుపొచ్చింది. ఆ వెనకే సిగ్గేసింది. ఆయనంటే నాకెంత ప్రాణమో మావాళ్లందరికీ తెలుసు. ఆయన్ని చూసి ఎంత కుళ్లుకున్నానో ఎవరికీ తెలియదు. అది మీకు చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మామది పుంగనూరు. ఏడో తరగతితో బడి మానేసి, జీవితమంతా బోర్లు వేసే బండి మీదే పనిచేశారు. రాతిపొడిని వేళ్ల మధ్య నలిపి చూసి నీళ్లు పడతాయో లేదో చెప్పేవారు. పని అయిపోయినా వెంటనే బండెక్కేవారు కాదు. చుట్టుపక్కల ఎండిపోయిన బోర్లన్నీ తిరిగి చూసి, మూత లేనిదానికి గోనెసంచి కట్టి, పైన రాయి పెట్టి గానీ కదిలేవారు కాదు. "మనం మర్సిపోయినా గుంత మర్సిపోదు" అనేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కుప్పంలో ఎంటెక్ చదివేదాన్ని. చాలావరకు చమురు తోడేసిన నేల పొరల్లోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తే, మిగిలిన చమురు ఎంత పైకొస్తుంది, ఎక్కించిన గ్యాసు లోపల ఎన్నాళ్లు నిలుస్తుంది అని కంప్యూటర్లో లెక్క కట్టడం నా ప్రాజెక్టు. నేలనంతా గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికీ ఒత్తిడి ఎంతో, రాతిలో సందులెన్నో ఇచ్చాను. నా లెక్కలో గ్యాసు పిసరంత కూడా బయటికి రాలేదు. నేను పొంగిపోయాను.

శాంతిపురంలో బోరు పనికొచ్చిన మామ, నన్ను చూసిపోదామని ల్యాబుకు వచ్చారు. మా గైడు గారు కూడా అక్కడే ఉన్నారు. తెర మీది రంగుల బొమ్మ ఏమిటని మామ అడిగితే, ఏదో పైపైన చెప్పాను. ఆయన చాలాసేపు చూసి అడిగారు.

"పాత బోర్లు యాడ పెట్టినావమ్మణ్ణీ?"

ఇది నీళ్ల సంగతి కాదని నవ్వాను. ఆయన గైడు గారి వైపు తిరిగారు.

"మేము కొత్త బోరు ఏస్తాంటే, పక్క సేన్లో ఎండిన బోర్లోంచి గాలి బుస్సుమని లేస్తాది సార్. నూనె తీసిన సోట పాత గుంతలు ఉండవా?"

గైడు గారు లేచి తన కుర్చీ మామకిచ్చారు. టీ తెప్పించి గంటసేపు మాట్లాడించారు. ఏడాదిగా నా పనిని ఒక్కసారైనా బాగుందనని మనిషి! నేను పక్కన నిలబడి ఉన్నాను. కడుపు మండిపోయింది.

పాత చమురు బావులు కలిపి మళ్లీ లెక్క కడితే, గ్యాసు వాటి వెంబడే పైకొచ్చింది. వైవాలో అందరూ మెచ్చుకున్నది ఆ అధ్యాయాన్నే. కృతజ్ఞతల పేజీలో గైడు గారి పేరు, ప్రిన్సిపాల్ పేరు, చివరికి ల్యాబు అటెండర్ పేరు కూడా రాశాను. మామ పేరు ఒకసారి టైపు చేసి చెరిపేశాను. మరిచిపోయి కాదు. బోరుబండి మనిషి చెబితే తెలిసిందని రాయడానికి మనసొప్పలేదు.

మామ పోయిన మూడోనాడు వాళ్లింట్లో అత్త, అప్పట్లో నేను మామకిచ్చిన ఆ ప్రాజెక్టు పుస్తకం బయటికి తీసింది. ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచారు.

"నా పేరు గూడా ఇందులో ఉండాదని మీ మామ అందరికీ సెప్తాండె. యాడుండాదో సూపించమ్మణ్ణీ."

అత్తకు చదువు రాదు. లేని పేరు కోసం పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. చివరికి మొదటి పేజీకి వచ్చి, నా పేరు మీద వేలు పెట్టాను.

"ఇదే అత్తా."

అత్త చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా తడిమి కళ్లకద్దుకుంది.