మూత గిట్టని వజీర్ సాయిబు

పేరు షేక్ వజీర్. వయస్సు అరవై మూడు సంవత్సరాలు. వృత్తి మొబైలు ఫోన్ల మరమ్మతు. నివాసం మదనపల్లె. ఆయనను ఇడ్లీ అంగడి మంగమ్మ ఎరిగినది ఇరవై ఒక్క సంవత్సరాలుగా. ఇద్దరి అంగళ్ళకూ నడుమ ఉన్నది ఒకటే గోడ, ఆ గోడ మంగమ్మది. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా ఒక్క అలవాటును గురించే. వజీర్ సాయిబుకు మూత అంటే గిట్టదు.

అది ఏ మూత అయినా సరే. ఆయన చేతి గడియారానికి అద్దం ఉండదు. రేడియోకు పెట్టె ఉండదు. స్కూటరు తన పేగులన్నీ బయట వేసుకొని ఎండకూ వానకూ తిరుగుతుంది. వానలో గొడుగు పట్టడు. "మనిషికి మూత పెట్టుకొని నడుస్తారాప్పా ఎవురైనా?" అంటాడు. మేనకోడలి పెండ్లిలో, దమ్ మీద ఉన్న బిర్యానీ డేగిసా లోపల ఏమి జరుగుతున్నదో చూడాలని మూత లేపినందుకు, వంటమాస్టరు ఆయనను పందిరి చుట్టూ తరిమిన సంగతి ఊరంతటికీ తెలిసినదే.

మంగమ్మ బాధ ప్రత్యేకమైనది. ఆమె పొద్దున్నే సాంబారు పొయ్యి మీద పెట్టి, ఇటు తిరిగి అటు తిరిగేలోగా గిన్నె మీద మూత ఉండదు.

"సాయిబూ, నా మూత యాడ?"

"యాల అక్కా మూత? సాంబారేమన్నా దొంగసొత్తా?"

"ఈగలు పడతాయప్పా!"

"పడితే కనబడతాయి కదా. మూత పెట్టినావనుకో, పడిందో లేదో నీకెట్ల తెలుస్తాది?"

ఈ వాదానికి మంగమ్మ జవాబు గరిటె. ఆమె గరిటె విసరడం, ఆయన వంగడం, గరిటె పోయి రేడియో పేగులలో పడడం, అది అంతవరకు పలకని స్టేషను ఒకటి పలకడం వారానికొకసారి జరుగుతూనే ఉండేది.

ఇటువంటి మనిషికి ఫోన్లు బాగుచేసే పని దొరకడం విధి వేసిన ఎకసెక్కం. ఈ కాలపు ఫోను వంటి మూత లోకంలో మరొకటి లేదు. "ఫోను మనది, దుడ్డు మనది. కడుపులో ఏముండాదో మాత్రం మనకు చెప్పరంట. లోపలి తీగెల పటం అడిగితే రహస్యమంట. చిన్న ముక్క పోతే మొత్తం పారెయ్యమంటారు. ఇదేం న్యాయమక్కా?" అని ఆయన రోజూ వాపోయేవాడు. లోకంలో కొందరు తమ ఫోను పటాలను ఎవరైనా చూసుకోవచ్చునని బహిరంగంగా పెడుతున్నారని తెలిసిన నాడు, ఆయన వీధి పొడుగునా మైసూరుపాకు పంచాడు. అటువంటి పటం ఒకటి తీసుకొని, తనకు తోచిన మార్పులు చేసి, సర్క్యూటు పలకలు తెప్పించి, ఒక ఫోను తయారు చేశాడు. దానికి వెనుక మూత లేదు. చర్మం ఒలిచిన కప్పలాగా ఉండేది.

తరువాత ఆ ఫోను పటం మొత్తాన్ని, మనిషికి ఒకటిన్నర రెట్ల ఎత్తున, అంగళ్ళ పక్క సందులోకి సాగిన మంగమ్మ గోడ మీద ఎర్రరంగుతో గీశాడు. కింద ఇలా రాశాడు: "ఇది అందరిది. రాసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినవారు తాము మార్చినది ఇక్కడే గీసి, పేరు పెట్టి పోవలెను."

పక్కనున్న అంగళ్ళు అనే ఊరి కాలేజీ పిల్లలు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. పుంగనూరులో గడియారాలు బాగుచేసే పురుషోత్తం వచ్చి రాసుకొన్నాడు. కుప్పంలో ఫోన్ల అంగడి నడిపే మునీరా బస్సు దిగి వచ్చి, వజీర్ సాయిబు సొంత ఫోనునే ఒళ్ళో పెట్టుకొని ఒక పూటంతా విప్పి చూసి పోయింది. వీధిలో ఒంటరిగా ఉండే ముసలివారందరికీ ఆయన తలా ఒక ఫోను చేసిచ్చాడు. మంగమ్మకు దానిని ముట్టుకొంటే ఒళ్ళు జలదరించేది. ఆమె దానికొక గుడ్డ సంచి కుట్టింది. మరునాటికి సంచి అడుగున కత్తెర పడింది.

అంతవరకు కథ నవ్వుకొనేటట్లే ఉంది. ఒకనాటి ఉదయం గోడ కింద ఒక నిమ్మకాయ కనిపించింది.

ఎవరు పెట్టారో తెలియదు. ఆ గళ్ళూ గీతలూ చుక్కలూ చూసి, ఇది ఏదో పూజ చేసే యంత్రమని ఎవరికో తోచింది. టమాటా మార్కెట్టుకు పోతున్న రైతు ఒకడు దండం పెట్టుకొన్నాడు. ఆ పూట ధర పెరిగింది. ఇక ఆగేవారెవరు? పసుపు వచ్చింది, కుంకుమ వచ్చింది. పటం అడుగుభాగమంతా మెత్తి మెత్తి మందమైపోయింది. వజీర్ సాయిబు, "ఇది ఫోనప్పా, ఫోను!" అని మొత్తుకొంటే, "అట్లనే సామీ" అని ఆయనకు కూడా ఒక బొట్టు పెట్టి పోయేవారు.

సాయంకాలం ఎండ వాలి ఆ సందులోకి దిగినప్పుడు ఆ ఎర్రగీతలు తడిగా మెరిసేవి, లోపల ఏదో పారుతున్నట్లు. మంగమ్మ అటు చూడకుండా అంగడి కట్టేసేది. ఒకనాడు ఆ ఎర్రగీతల నడుమ ఒక పచ్చగీత కనిపించింది. ముందునాడు అది లేదు.

"సాయిబూ, ఇది నువ్వు గీసిందేనా?"

వజీర్ సాయిబు గోడకు ముక్కు ఆనించి చూశాడు. "నేను గీయలేదక్కా," అన్నాడు మెల్లగా. కింద పేరు కోసం వెదికాడు. పసుపు తప్ప ఏమీ లేదు. యంత్రం పెరుగుతున్నదని వీధి గ్రహించింది.

ఆ వారంలోనే, సాయిబు చేసిచ్చిన ఆ ఫోన్లు మోగడం మొదలయింది. దీపాలు పెట్టే వేళకు వీధి చివరి ఇంట్లో మోగేది. అది ఆగగానే దాని పక్క ఇంట్లో. అది ఆగగానే ఇంకొంచెం ఇవతల. ఎవరో గడపగడపకూ ఆగుతూ నడిచి వస్తున్నట్లు, ఆ మోత ఇటే వచ్చేది. చివర మంగమ్మ ఇంట్లో మోగేది. తెర మీద పిలిచినవారి అంకె ఉండదు. ఎత్తితే మాట ఉండదు. ఊపిరి మాత్రం వినిపించేది: గుర్ర్... ఉస్స్... గుర్ర్... ఉస్స్. "ఎవురది?" అనగానే తెగిపోయేది.

పట్టునూలు వ్యాపారి రెడ్డెప్ప ఆ వీధికి పెద్ద. ఆయన అరుగు మీద కూర్చొని తీర్పు చెప్పాడు. "మూత తీయగూడని దానికి మూత తీసినాడప్పా సాయిబు. అది బయటపడి ఇల్లిల్లూ తిరుగుతాండాది. ఈడే కాదు. కుప్పంలో మా పెద్దమ్మకు కూడా అట్లే మోగుతాండాదంట. అంకె లేదు, మాట లేదు, ఊపిరే."

ఈ మాటకు అందరికంటే ఎక్కువగా ఉలిక్కిపడినవాడు వజీర్ సాయిబు. "కుప్పంలోనా?" అని రెండుసార్లు అడిగాడు. నేరం ఒప్పుకొన్నట్లేనని వీధి తీర్మానించింది. శుక్రవారం నాడు గోడకు సున్నం కొట్టాలి; ఆ వెనుక ఆయన అంగడి ఎత్తించాలి. గోడ మంగమ్మది కనుక ఆమె ఊఁ అంటే చాలు.

ఆమె ఆయన దగ్గరకే పోయి అడిగింది.

"నిజం చెప్పు సాయిబూ. ఆ ఫోన్లు చేసేదెవురు?"

ఆయన తల ఎత్తలేదు. "యాలక్కా, భయమా?"

"ఊపిరి వినబడతాదప్పా నాకు!"

"వినబడకపోతే కదక్కా భయపడాల్సింది."

ఆ జవాబు విని మంగమ్మ తిన్నగా రెడ్డెప్ప అరుగు దగ్గరకు పోయి, "కొట్టుకోండప్పా సున్నం," అని చెప్పి వచ్చింది.

గురువారం సందెవేళ కాళ్ళు కడుక్కొందామని స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకొన్న మంగమ్మ, కాలు జారి పడింది. నడుము కదలలేదు. చేయి గడియకు అందలేదు. గొంతు బొంగురుపోయేదాకా అరిచింది, వీధిలో ఆటోల రొదలో ఆ కేక కలిసిపోయింది. రొద కాస్త తగ్గినప్పుడు, వీధి చివర ఇంట్లో ఫోను మోగింది.

ఆగింది. పక్క ఇంట్లో మోగింది. ఆగింది. అది వస్తున్నది. చివరకు ఆమె వంటింటి అరలో మోగింది. పూర్తిగా మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగిపోయింది. కొంతసేపటికి ఇంట్లోకి అడుగులు వచ్చాయి. అవి స్నానాలగది ముందు నిలిచాయి. ఎవరూ పిలవలేదు. తలుపుకు అవతల నుంచి వినిపించినది ఒకటే: గుర్ర్... ఉస్స్.

మంగమ్మ తనకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచింది. చాలదేమోనని తెలియని వారిని కూడా పిలిచింది. కిర్రు కిర్రుమని ఏదో తిరిగింది. ఒక మర టంగుమని నేల మీద పడింది. మరొకటి పడింది. తలుపు తెరుచుకోలేదు, గోడ నుంచి ఊడి, నిటారుగా వెనక్కు నడిచింది. ఆ వెలుతురులో, రెండు చేతులా తలుపు మోస్తూ, నోట స్క్రూడ్రైవరు కరచుకొని, రొప్పుతూ వజీర్ సాయిబు.

"మూత తీసినానక్కా," అన్నాడు.

"నువ్వా! దినామూ ఊపిరి పీల్చేది నువ్వా!"

"ఉబ్బసమక్కా. ఆపుకొంటే ఆగదు."

"నోరుండాది కదా, మాట్లాడేదానికి ఏం రోగం?"

"ఏమని మాట్లాడాల? బతికుండావా అక్కా అని దినామూ అడగాల్నా? గరిటె ఇసురుతావు. ఫోనెత్తి నువ్వు ఎవురదని కసిరితే, ఉండాదిలే అనుకొని పెట్టేస్తా. వీళ్ళందరూ తలుపులేసుకొని ఒంటిగా ఉండేవాళ్ళక్కా. లోపల పడినారో లేదో ఎట్ల తెలుస్తాది?"

అంత నొప్పిలోనూ మంగమ్మ కళ్ళు చిట్లించింది. "ఊళ్ళో అన్నిటికీ మూత తీస్తివి. నీ అంకెకు మాత్రం మూత పెడితివే!"

జీవితంలో ఆయన పెట్టిన మూత అదొక్కటే.

శుక్రవారం గోడ సొంతదారు ఆసుపత్రిలో ఉన్నందున సున్నం వాయిదా పడింది. వజీర్ సాయిబు ఆమె మంచం పక్కన కూర్చొని, తాను తెచ్చిన గంజి గిన్నెకు మూత లేనందుకు నర్సు చేత తిట్లు తింటున్నాడు. కిటికీలో వెలుతురు తగ్గింది. దీపాల వేళ. నర్సు పోగానే పిలుపులు మొదలుపెడదామని ఆయన జేబులో చేయి పెట్టాడు.

ఆయన ముట్టకముందే ఫోను మోగింది. తెర మీద అంకె లేదు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకొన్నారు.

"అక్కా," అన్నాడు ఆయన, "అంకె దాచి చేసేది నేను కదా. నేను ఈడుండాను. ఆడెవురు?"

ఎత్తాడు. ఊపిరి. ఉబ్బసం లేని, సన్నని ఊపిరి. దాని వెనుక ఎక్కడో దూరంగా రైలు కూత. వీధినంతటినీ వణికించిన మనిషి మంచంకోడు పట్టుకొని వణికాడు. "ఎ... ఎవురది?"

మంగమ్మ ఫోను లాక్కొంది. "ఎవురే నువ్వు? పలకతావా, గరిటె తీసుకొని రమ్మంటావా?"

అవతల కిసుక్కున నవ్వు. "నేను మునీరా, కుప్పం! చాచా ఉండారా? ఉంటే సాలు. చాచా, ఆ పొద్దు మీ ఫోను విప్పినప్పుడు చిన్న ముక్కొకటి పెట్టినా. దీపాల వేళకు మీరు అందరికీ చేయకపోతే, నా ఫోను మోగతాది. అందరినీ మీరు సూస్తారు, మిమ్మల్నెవురు సూస్తారని. ఈయాల మోగింది. మళ్ళా వచ్చి గోడ మీద పచ్చగా గీసి పేరు కూడా రాసినానే, సూడలేదా?"

"పేరు పసుపు కిందుండాదమ్మా," అన్నాడు వజీర్ సాయిబు నీరసంగా. "మరి కుప్పంలో ముసలోళ్ళకు చేసేది?"

"నేనే. పుంగనూరులో పురుషోత్తమన్న. పటంలో వరసగా అందరికీ మోగించే ముక్క సూస్తే ఎందుకో తెలిసిపోయింది కదా చాచా, రాసుకొనింటిమి."

"మాట్లాడకుండా యాల చేస్తాండావు?"

"మీరూ మాట్లాడరు కదా. పద్ధతి అదేనేమో అనుకొంటిమి!"

ఆయన తన ఫోనును తిరగేసి, ఇన్నాళ్ళూ కళ్ళెదుటే ఉన్న ఆ చిన్న ముక్కను చూశాడు. "మూత లేకపోయినా కనబడలేదే!" అన్నాడు.

"గమ్మునుండు," అంది మంగమ్మ. "గంజి తాగు."

కావున వీధి పెద్ద రెడ్డెప్ప గారికీ, తదితరులకూ, షేక్ వజీర్ తరఫున మంగమ్మ సవినయంగా మనవి చేసుకొనేది ఏమనగా: సదరు గోడకు సున్నం కొట్టరాదు. గోడ మీద ఉన్నది ఎవరైనా చూడవచ్చు, రాసుకోవచ్చు, మార్చవచ్చు. అయితే పేర్ల మీద పసుపు మెత్తరాదు. దీపాల వేళ ఫోను మోగినప్పుడు ఎత్తి, ఎవరది అని యథావిధిగా కసరవలెను. వజీర్ సాయిబు అంగడి ఉన్నచోటనే ఉండవలెను. మరియు, ఆయన ఊడదీసిన స్నానాలగది తలుపు ఈ నాటి వరకు తిరిగి బిగింపబడలేదు. అడిగినప్పుడల్లా "యాలక్కా తలుపు?" అని అడుగుచున్నాడు. ఆ ఒక్క మూతను మాత్రం తక్షణమే పెట్టవలసినదిగా ఆయనకు పెద్దలు నచ్చజెప్పవలెనని ప్రార్థన.