రేష్మా మోకాళ్లు

పల్నాడు వేరే జిల్లా అయిన ఏడాది జూన్‌లో నన్ను అక్కడి ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ఎముకల వైద్యుడిగా బదిలీ చేశారు. అప్పటికి నా హోదా సివిల్ సర్జన్. మా శాఖలో అసిస్టెంట్, డిప్యూటీ మెట్లు రెండూ దాటినవాళ్లకు వచ్చే హోదా అది. విభాగంలో ఎవరికి ఆపరేషన్ చేయాలి, ఎవరికి అక్కర్లేదు అన్నదాంట్లో చివరి మాట ఆ హోదాలో ఉన్నవాడిదే. ఆసుపత్రి ఏ ఊళ్లోదో ఇక్కడ రాయడం లేదు. ఊరి పేరు రాస్తే తప్పు అందరి మీదా పడుతుంది. జరిగినదాంట్లో ఎక్కువ భాగం నాది.

మాకు వచ్చే కేసుల్లో ఎక్కువ బైకు ప్రమాదాలు, ట్రాక్టరు మీద నుంచి జారిపడ్డవాళ్లు, బాత్‌రూంలో పడి తుంటి విరిగిన ముసలివాళ్లు. సెరిబ్రల్ పాల్సీ పిల్లలు మాత్రం వైకల్య ధ్రువపత్రాలిచ్చే రోజున కనిపించేవారు. కాన్పు సమయంలోనో, దానికి కాస్త ముందూ వెనకో మెదడుకు దెబ్బ తగిలి, దానివల్ల కాళ్లూ చేతులూ బిగుసుకుపోయిన పిల్లలు. గురజాల, వినుకొండ, శావల్యాపురం నుంచి తల్లిదండ్రులు వాళ్లను భుజాన వేసుకుని తెల్లారేసరికే వచ్చి వరసలో కూర్చునేవాళ్లు. నా పని కీళ్లు ఎంత వంగుతున్నాయో, ఎంత చాగుతున్నాయో కొలిచి, వైకల్యం ఎంత శాతమో రాసి సంతకం పెట్టడం. ఒక్కో బిడ్డకు మూడు నాలుగు నిమిషాలకు మించి దొరికేది కాదు.

రేష్మా అలాంటి ఒక రోజున వచ్చింది. పదకొండేళ్ల పిల్ల. తండ్రి ఖాదర్ మాచర్లలో బైకు మెకానిక్. తల్లి మస్తాన్‌బీ. మిగతా పిల్లలు భుజాల మీద వస్తే, ఈ పిల్ల తల్లిదండ్రులకంటే ముందు తలుపు తోసుకుని మోకాళ్ల మీద నడుచుకుంటూ లోపలికి వచ్చింది. పాత ట్యూబు రబ్బరు కత్తిరించి, లోపల గుడ్డ మెత్తలు పెట్టి ఖాదర్ కుట్టిన తొడుగులు ఆమె మోకాళ్లకు ఉన్నాయి. చకచకా వచ్చి నా బల్ల అంచు పట్టుకుని, "నమస్తే సార్" అంది.

పరీక్ష బల్ల మీద పడుకోబెట్టి గోనియోమీటర్ పెట్టాను. కీలు కోణం కొలిచే రెండు పుల్లల కొలబద్ద అది. రెండు మోకాళ్లూ నిటారు కావడానికి ఇంకా నలభై డిగ్రీలు ఉండగానే ఆగిపోయాయి, ఎంత లాగినా అంతకు మించి చాగలేదు. తొడ వెనక కండరాలు తీగల్లాగా బిగిసి ఉన్నాయి. ఆ కండరాల్ని పొడవు చేసి, కీలు వెనకనున్న పొరను విడదీస్తే మోకాలు నిటారవుతుంది. ఆ శస్త్రచికిత్స నేను పీజీ చదివే రోజుల్లో నేర్చుకున్నాను, కొన్నేళ్లు చేశాను కూడా. తరువాత విరిగిన ఎముకలతోనే కాలం గడిచిపోయింది. ఆ మోకాళ్లు చూడగానే చేతికి పాత పని గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే, ఆ పిల్ల మీద జాలి ఎంతో, ఆ పని నాకింకా వచ్చునని చూపించుకోవాలన్న కోరిక కూడా అంతే.

ఆపరేషన్ చేస్తే కాళ్లు నిటారవుతాయని ఖాదర్‌తో చెప్పాను. నిలబడితే చాలు, నడవకపోయినా ఫర్వాలేదన్నాడు అతను. మస్తాన్‌బీ ముఖంలో మాత్రం సంతోషం కనిపించలేదు.

"ఇప్పుడు దాని పని అదే చేసుకుంటంది సార్," అంది. "కుళాయి కాడికి పోద్ది, దొడ్లోకి పోద్ది. బళ్లో గేటు కాడ దింపితే చాలు, కలాసులోకి అదే పోద్ది. ఆపరేషన్ చేస్తే అయ్యన్నీ ఏమయితయ్యో."

అన్నీ ఇంకా బాగా చేసుకుంటుందని చెప్పాను. కేస్‌షీట్ వెనక వంగిన మోకాలొకటి, నిటారు మోకాలొకటి బొమ్మ గీసి చూపించాను. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసింది గానీ మళ్లీ ఏమీ అడగలేదు. రేష్మా మాత్రం నడవడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగింది. ముందు నిలబడదాం అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు.

మా ఫిజియోథెరపిస్టు సుభాషిణి కాంట్రాక్టు పద్ధతిలో పనిచేసేది. పిల్లను పరీక్షించి, మధ్యాహ్నం నా గదికి వచ్చింది. తుంటి దగ్గరా బిగువుందనీ, నడుము, తొడ ముందు కండరాలకు బలం లేదనీ, మోకాళ్లు చాగినంత మాత్రాన ఒళ్లు నిలబెట్టే శక్తి రాదనీ చెప్పింది. ఆపరేషన్ తరువాత నెలల తరబడి వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించాలి, మాచర్ల నుంచి వాళ్లెలా వస్తారని అడిగింది. చివర్లో, "సార్, ఈ పాప నిలబడదేమో. మోకాళ్ల నడక మాత్రం ఖాయంగా పోద్ది," అంది. నేను ఆమె మాట పూర్తిగా విన్నాను. విని, శస్త్రచికిత్స నిర్ణయం సర్జన్‌ది అన్నాను. ఆమె సరే సార్ అని వెళ్లిపోయింది. ఆ వారమే అంగీకార పత్రం మీద ఖాదర్ సంతకం తీసుకున్నాం.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండో రోజు రౌండ్స్‌లో రేష్మా అరికాళ్లు మండుతున్నాయని ఏడ్చింది. ఏళ్ల తరబడి వంగి ఉన్న కాలును ఒక్కసారిగా చాపితే వెనకనున్న నరం సాగి అలా మండుతుంది. వెంటనే కాళ్లకు వేసిన ప్లాస్టర్ పట్టీలు కోయించి మోకాళ్లను కొంచెం వంచి ఉంచాను, మంట నాలుగైదు రోజులకు తగ్గింది. ఆ తరువాత వారానికి కొంచెం చొప్పున చాపుతూ కొత్త పట్టీలు వేశాను. ఆరు వారాలకు రెండు కాళ్లూ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. కాలును నిటారుగా పట్టి ఉంచే, తొడ దాకా వచ్చే ఇనప చట్రాలు, కాలిపర్లు చేయించి, మోకాలి దగ్గర వంగకుండా తాళం వేసి, రెండు కడ్డీల మధ్య నిలబెట్టాం. ఖాదర్ కళ్లు తుడుచుకున్నాడు. మా స్టాఫ్‌నర్సు ఫోనులో ఫొటో తీసింది. జిల్లా సమీక్షా సమావేశంలో ఆ ఫొటో తెర మీద వేసి చూపించాను. చప్పట్లు కొట్టారు. ఆ ఫొటోలో సుభాషిణి చేతులు పిల్ల నడుమును వెనక నుంచి పట్టుకుని ఉన్న సంగతి ఎవరూ గమనించలేదు. నాకు తెలుసు.

ఇంటికి పంపేటప్పుడు, మళ్లీ చూపించేదాకా కాలిపర్లు తీయవద్దని గట్టిగా చెప్పాను. స్నానానికి తప్ప తీయకూడదు, తీస్తే మళ్లీ ముడుచుకుపోతాయన్నాను. మోకాలు వంచే వ్యాయామం సుభాషిణి చేయిస్తుంది కదా అన్నది నా మనసులో ఉన్న మాట. పైకి చెప్పిన మాటలో అది లేదు. వాళ్లు రెండుసార్లు వచ్చారు. మూడోసారి వచ్చేసరికి సుభాషిణి కాంట్రాక్టు పొడిగింపు రాక ఫిజియోథెరపీ గదికి తాళం పడింది. నేను ఆ నెల వేరే ఆసుపత్రిలో ఖాళీగా ఉన్న పోస్టుకు డెప్యుటేషన్ మీద వెళ్లాను. తిరిగొచ్చాక ఎవరెవరు మళ్లీ చూపించుకోలేదో రిజిస్టరు తిప్పి చూడలేదు.

దాదాపు ఏడాది తరువాత ధ్రువపత్రాల శిబిరానికి మాచర్ల వెళ్లాను. పని మధ్యాహ్నానికే అయిపోయింది. ఖాదర్ కొట్టు ఎక్కడో అడిగి వెళ్లాను. అతను చేతులకు అంటిన గ్రీజు తుడుచుకుని కుర్చీ వేసి, టీ తెప్పించాడు. పాప ఎలా ఉందంటే, "ఉంది సార్, లోపల," అన్నాడు. కొట్టు వెనకే ఇల్లు.

రేష్మా మంచం మీద కూర్చుని ఉంది. కాళ్లు రెండూ ముందుకు చాపి ఉన్నాయి. కాలిపర్లు ఉన్నాయి, మోకాలి దగ్గర తాళాలు వేసే ఉన్నాయి. ఇవింకా తీయలేదా అని అడిగాను.

"మీరే తీయొద్దన్నారు గదా సార్," అంది మస్తాన్‌బీ. "స్నానానికి తప్పిచ్చి తియ్యలా. రేత్రిళ్లు నొప్పని ఏడ్చినా తియ్యలా."

నేనే విప్పి చూశాను. మోకాళ్లు ఇరవై డిగ్రీలకు మించి వంగలేదు. ఒకప్పుడు చాగని మోకాళ్లు ఇప్పుడు వంగనివి అయ్యాయి. తొడలు సన్నబడ్డాయి. నిలబెట్టబోతే ఒళ్లంతా నా మీదకు ఒరిగిపోయింది. నేల మీద దింపితే, మోకాళ్లు వంగక, ఎటు కదలాలో తెలియనట్టు చేతులు రెండూ నేలకానించి అలాగే ఉండిపోయింది. బడి మానేసి ఆరు నెలలైందట. అక్కడ దొడ్డికి ఎత్తుకుని తీసుకెళ్లేవాళ్లు లేరు. పన్నెండేళ్లు నిండిన పిల్లను ఇంట్లో అన్నిటికీ తల్లే ఎత్తుతోంది. మస్తాన్‌బీ నడుముకు బెల్టు కట్టుకుని ఉంది.

రేష్మా నన్ను నిందించలేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. "ఇదివరకు దొడ్లోకి నేనే పోయేదాన్ని సార్. ఇప్పుడు అమ్మీ రావాల."

నేను వాళ్లతో తప్పు నాది అన్నాను. మీరు మంచికే చేశారు సార్, మా రాత అట్టా ఉంది అన్నాడు ఖాదర్. మస్తాన్‌బీ ఆ మాట అనలేదు.

"నేను ఆ రోజే అడిగా సార్," అంది. "మీరు కాయితం మీద బొమ్మ గీసి చూపిచ్చారు. కాళ్లు తిన్నంగా అయితయ్యని చెప్పారు. తిన్నంగా అయిన కాళ్లతో అది ఎట్టా తిరిగిద్దో చెప్పలా."

బయటికి వచ్చి, సుభాషిణి ఇప్పుడెక్కడ పనిచేస్తోందో ఫోనులో కనుక్కున్నాను.

సుభాషిణి అప్పటికి నరసరావుపేటలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో చేరింది. వెళ్లి జరిగింది చెప్పాను. నేను చెప్పాను కదా సార్ అని ఆమె అనవచ్చు. అనలేదు. ఏ రోజు వెళదామని మాత్రం అడిగింది. ఆ తరువాత ఐదారు నెలలు ఆదివారాలు ఇద్దరం మాచర్ల వెళ్లాం. మోకాలు వంచే పద్ధతి మస్తాన్‌బీకి నేర్పింది సుభాషిణి. మత్తిచ్చి మోకాళ్లను బలవంతంగా వంచే పద్ధతి ఒకటుందని, దానివల్ల ఎముక విరిగే ప్రమాదం కూడా ఉందని రెండూ చెప్పాను. ఇంక వద్దు సార్ అంది మస్తాన్‌బీ.

మోకాళ్లు డెబ్బై డిగ్రీల దాకా వంగాయి. కుర్చీలో కూర్చోవడానికి అది చాలు, మోకాళ్ల మీద నడవడానికి చాలదు. ప్రయత్నించినప్పుడల్లా మోకాలి చిప్ప కింద నొప్పి అని ఆగిపోయేది. చివరికి ఒకరోజు ఆ రబ్బరు తొడుగులు తానే విప్పి తల్లికి ఇచ్చేసింది. వికలాంగుల సంక్షేమ శాఖ నుంచి చక్రాల కుర్చీ వచ్చింది. ఖాదర్ గుమ్మం దగ్గర సిమెంటు వాలు కట్టి, దొడ్లో కూర్చోవడానికి ఇనప స్టూలు వెల్డింగ్ చేశాడు. ఏడాది చదువు పోగొట్టుకుని మళ్లీ బళ్లో చేరింది. ఇప్పుడు ఎనిమిదో తరగతి. కుర్చీలోంచి స్టూలు మీదకు మారడానికి ఇప్పటికీ తల్లి చెయ్యి కావాలి. నిలబడలేదు, నడవలేదు. ఇక నడవదు కూడా.

ఆ కేసును మా నెలవారీ చర్చలో నేనే పెట్టాను. ఫలితం అన్న గడిలో ఏం రాయాలని ఒక జూనియర్ అడిగాడు. వంకర సరిదిద్దాం కాబట్టి సఫలమని రాయవచ్చేమో అన్నాడు. పుస్తకం ప్రకారం అతను చెప్పింది తప్పు కాదు. విఫలమని రాయించాను. సమీక్షలో చూపించిన ఫొటో సంగతి కూడా అక్కడే చెప్పాను.

పదవీ విరమణ దాకా ఆ తరువాత అలాంటి పిల్లలు వస్తూనే ఉన్నారు. కొందరికి ఆపరేషన్ చేశాను. వాళ్లలో బాగా నడిచినవాళ్లూ ఉన్నారు. కానీ కొలబద్ద తీసేముందు ఒక తెల్లకాగితం తీసుకుని, పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా ఈ బిడ్డ తనంతట తాను ఏమేం చేసుకుంటుందో తల్లిని అడిగి వరసగా రాసుకునేవాణ్ణి. నా ఆపరేషన్ వల్ల అందులో ఏవి పోవచ్చో వాటి కింద ఆమె ఎదుటే గీత గీసేవాణ్ణి. వ్యాయామం చేయించే మనిషి ఎవరో, ఎక్కడో, ఎన్ని నెలలో తేలకపోతే ఆపరేషన్‌కు తేదీ ఇచ్చేవాణ్ణి కాదు. గీతలు చూసి వద్దన్న తల్లులు ఉన్నారు. వాళ్ల పిల్లలు వంగిన మోకాళ్లతోనే ఇంటికి వెళ్లారు. అలా వెళ్లనివ్వడం కూడా వైద్యంలో భాగమేనని నేను నేర్చుకునేసరికి నా సర్వీసులో రెండేళ్లు కూడా మిగల్లేదు.