నాలుకలు చూసే అవ్వ

మొన్న ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం కూర్చుని ఉంటే గుప్పున గంజి వాసన కొట్టింది. పక్కన చూస్తే, తెల్లచీరకు బిరుసుగా గంజి పెట్టి కట్టుకున్న ఒకావిడ, ఒళ్లో నల్లట్ట బైబిలు. ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమకాలం నడుస్తోందని అప్పుడు గుర్తొచ్చింది. పలకరించాల్సింది పోయి నా కళ్లు నేరుగా ఆమె నోటి మీదికి పోయాయి: పెదవులు ఎండినట్టున్నాయా, దవడ ఏమైనా ఆడుతోందా, ఉపవాసం నిజమేనా అని. ఈ పాడుబుద్ధి నాకు పుట్టుకతో వచ్చింది కాదు, మా అవ్వ నేర్పింది.

దుత్తలూరు దగ్గర మా పాలెంలో శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం నాటికి వేపలు పూతకొచ్చేవి, పొగాకును కాక పెట్టి ఆరబెట్టే బ్యారన్ల ఘాటు ఊరంతా కమ్మేది, వాకిళ్లలో చింతపండు గుట్టలు పడేవి. అప్పటినుంచి ఈస్టరు దాకా మాంసం లేదు, పూలు లేవు, ఆడపిల్లలకు గాజుల బేరం లేదు, బొమ్మల పెళ్లి ఆట కూడా లేదు. క్రీస్తు అరణ్యంలో నలభై రోజులు పస్తున్నాడు గనక ఆకలంటే ఏందో మనమూ ఎరగాలని, మనం తినని పూట బియ్యం లేనివాళ్ల కుండలోకి పోవాలని పాస్టరయ్యగారు చెప్పేవారు. పెద్దలు పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్లతో ఉండి, సందెవేళ రోజుకొక ఇంట్లో ప్రార్థనకు చేరేవాళ్లు. ప్రార్థనయ్యాక ఆ ఇంటివాళ్లు అందరికీ సంకటి, పెసర గుగ్గిళ్లు, మజ్జిగ పెట్టేవాళ్లు.

ఆ సంకటి ముద్దకు ముందు మా అవ్వను దాటాలి. మా నాయనను కన్న ఆ తల్లి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరి గడ్డం పట్టి వెలుతురుకు తిప్పి నాలుక చూసేది. తెల్లబడితే పస్తు, ఎర్రగా ఉంటే దొంగపస్తు అని ఆమె లెక్క. వరసకు చిన్నాయన అయ్యే ఒకాయన నాలుక తెల్లగా కనబడాలని బియ్యప్పిండి నాకి వచ్చి, పెదవి చివర పిండి తుడుచుకోవడం మరచి దొరికిపోయాడు. తొమ్మిదేళ్ల నన్ను పక్కన నిలబెట్టుకుని, తిన్న మనిషి మూతి తుడిచే తీరు వేరు, గడప దాటేటప్పుడు చూసే చూపు వేరు అని పాఠం చెప్పేది. అవ్వ నాలుక మాత్రం ఎవరూ చూసేవాళ్లు కాదు.

ఆ సంగతి ఎందుకో నాకు తట్టింది. మధ్యాహ్నం మా వాకిట్లో చింతపండు గింజ తీస్తూ తీస్తూ అవ్వ లేచి గడ్డివామి వెనక్కి పోయేది, పోయేముందు అటూ ఇటూ చూసేది, వచ్చేటప్పుడు కొంగుతో మూతి తుడుచుకునేది. మూడు రోజులు కాపు కాశాను. మూడో రోజు గడ్డిచాటున నక్కి చూస్తే, నడుముకు కట్టుకున్న రొంటి సంచిలోంచి వేలెడంత బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని గోడకు ఆనుకుంది. నాకు బాధ కలగలేదు. దొంగను పట్టినంత సంతోషం కలిగింది, అదే ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

ఆ సాయంత్రం ప్రార్థనలో సాక్ష్యాలు చెప్పే వేళ వచ్చింది. పిల్లలైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పొచ్చు. నేను లేచాను.

"మా అవ్వ రొంటి సంచిలో బెల్లం ఉండాది. మధ్యాన్నం తినింది."

అమ్మ నా చెయ్యి పట్టి కిందికి లాగింది. పాస్టరయ్యగారు తల వంచుకున్నారు. అవ్వ మెల్లగా లేచి, సంచి విప్పి ఆయన ముందు పెట్టింది.

"అవునయ్యా, తినినా. బిడ్డ అబద్ధం చెప్పలా."

సంఘమంతటినీ క్షమాపణ అడిగి కూర్చుంది. మరునాటి నుంచి గుమ్మంలో పీట లేదు. రోజూ నాలుక చూపించిన ఆడవాళ్లు ఆమె ముందే మూతులు తిప్పుకునేవాళ్లు. అవ్వ మాత్రం పస్తు మానలేదు, సంచి మళ్లీ కట్టలేదు, గడ్డివామి వైపు పోలేదు. నేనింకా కనిపెడుతూనే ఉన్నాను గనక నాకు తెలుసు.

శుభ శుక్రవారం నాడు పన్నెండు నుంచి మూడు దాకా మా ప్రార్థన గుడిలో, సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగం చెబుతారు. రేకుల కప్పు కింద అందరం ఉడికిపోతున్నాం. అయిదో ఆయన లేచేసరికి అవ్వ నా భుజం మీదికి ఒరిగింది. నిద్రపోతోంది చూడు, ఇదీ దొంగభక్తేనని తొడమీద గిల్లాను. కదల్లేదు. చీరంతా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది.

నెల్లూరులో పనిచేసే నాయన పండక్కని ఆ పొద్దే వచ్చి ఉన్నాడు. జీపులో ఉదయగిరి ఆసుపత్రికి తీసుకుపోయారు. సంక్రాంతి పోయాక ఆత్మకూరు డాక్టరు ఆమెకు చక్కెర జబ్బని బిళ్లలు రాశాడట, పస్తుండొద్దన్నాడట, కళ్లు తిరిగితే వెంటనే బెల్లం వేసుకోమన్నాడట. పస్తు మాన్పిస్తారని అవ్వ ఎవరికీ చెప్పొద్దని నాయన దగ్గర ఒట్టు వేయించుకుంది. అదంతా ఆయన ఆసుపత్రి వరండాలో అమ్మకు చెబుతుంటే విన్నాను. సెలైను ఎక్కించాక అవ్వ కళ్లు తెరిచి, ముందు నన్నే చూసి, "భయపడినావా" అనింది.

ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. పస్తుండక్కర్లేదని పాస్టరయ్యగారే అందరిముందూ చెప్పారు, నోళ్లు మూతపడ్డాయి. కానీ ఆ ఆరేళ్లూ అవ్వ నా ఎదుట ముద్ద తినలేదు. నేను ఇంట్లో అడుగు పెడితే పళ్లెం పట్టుకుని గోడవైపు తిరిగేది. తినవ్వా అంటే తినేసినాలే అనేది. కోపంతో కాదు, అది నాకు బాగా తెలుసు. నా కళ్లంటే భయం పట్టుకుంది ఆమెకు.

ఇప్పుడు పాలెంలో ఇంటింటి ప్రార్థనలు లేవు. చింతపండు గింజ తీయను ఆడవాళ్లు వాకిళ్లలో కూర్చోరు. ఉపవాసమున్నవాళ్లు ఆ సంగతి ఫోన్‌లో స్టేటస్ పెట్టుకుంటారు, వాళ్లను నమ్మడం నాకింకా చేతకాదు. ప్రతి శ్రమకాలంలో మోకాళ్లూని దేవుణ్ణి క్షమించమని అడుగుతాను. అడగాల్సింది గోడవైపు తిరిగి తింటున్న మనిషిని. ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఒక్కసారి కూడా అడగలేదు.