అమ్మకి తర్జుమా చెయ్యని మాట

మా మందిరంలో తర్జుమా చేసే పని నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనే లాక్కున్నాను. అంతకు ముందు చేసే పెద్దాయన, ప్రసంగీకుడు ఒక మాటంటే తను నాలుగు మాటలు అనేవాడు. ఇంగ్లీషులో దేవుడు మంచివాడని ఒక్క ముక్క అంటే చాలు, తెలుగులో సముద్రాలూ నక్షత్రాలూ అన్నీ వచ్చి పడేవి. ఓ ఆదివారం ముందు వరసలో కూర్చుని పైకే నవ్వేశాను. తర్వాతి వారం అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మైకు నా చేతిలో పెట్టి "నవ్వడం సులువేనమ్మా, నువ్వు చెయ్యి చూద్దాం" అన్నారు. చేశాను. అప్పట్నుంచీ ఆ మైకు నాదే.

న్యూ సెటిల్‌మెంట్‌లో మా మందిరానికి వచ్చేవాళ్ళంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ మనవలూ. కుర్రకారుకి ఇంగ్లీషు ప్రసంగం తర్జుమా లేకపోయినా అర్థమవుతుంది. పెద్దవాళ్ళు గోల్‌బజార్‌లో చేపల బేరం బెంగాలీలో చక్కగా ఆడతారు గానీ ఇంగ్లీషు వాళ్ళకి రాదు. మా అమ్మకీ రాదు. రెండో వరసలో గోడవైపు కూర్చుని, ప్రసంగీకుడి వంక చూడనే చూడకుండా, నా నోటికేసే చూస్తూ వినేది. అలా చూసినప్పుడు నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్నది నా పట్టుదల. బైబిల్లో మింగుడుపడని చోట్లు చాలా ఉన్నాయి. తల్లినీ తండ్రినీ ద్వేషించనివాడు నా శిష్యుడు కాలేడని ప్రభువే అన్న చోటు ఉంది. అది వచ్చిన రోజు అయ్యగారు నా పక్కకి వంగి, "కాస్త మెత్తగా చెప్పమ్మా, తక్కువ ప్రేమించాలి అను, ముసలాళ్ళు బాధపడతారు" అన్నారు.

"ఆయన అన్నది అది కాదు కదండీ. బాధపడితే పడనివ్వండి. అర్థమేమిటో తర్వాత మీరు చెప్పుకోండి" అన్నాను.

తలబిరుసని పేరొచ్చింది. "పెళ్ళీ పెటాకులూ నేని మనిసి, ఆ మాత్రం కారం ఉంటాది" అని నీళ్ళ పంపు దగ్గర ఎవరో అన్నారని కూడా నా చెవిన పడింది.

పెళ్ళి ఎందుకు కాలేదో నాకు తెలుసనే అనుకున్నాను. చదువైన కొత్తలో చక్రధర్‌పూర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయిది రైల్వేలో గార్డు ఉద్యోగం. టీ గ్లాసులు పెడుతుంటే మా టీపాయ్ ఊగింది. అతను జేబులోంచి పాత ప్లాట్‌ఫారం టికెట్ తీసి, మడిచి, దాని కాలి కింద దోపి, ఊపి చూసి, "ఇప్పుడు ఠీక్ హై" అని నా వంక చూసి నవ్వాడు. నాకు నచ్చాడు. దాచడం ఎందుకు, చాలా నచ్చాడు. కొన్నాళ్ళు పోయాక అమ్మ బియ్యం ఏరుతూ, తలెత్తకుండా, "ఆలకి నువ్వు నచ్చనేదంట. పోనీలే, దేవుడి సిత్తం" అంది.

ఆ ఒక్క మాట నాతో చాలా దూరం వచ్చింది. ఆ రోజు కట్టుకున్న నీలం చీర మళ్ళీ కట్టలేదు. నా రంగా, నా ఎత్తా, నా పలువరసా, నా గొంతా, ఏది నచ్చలేదో తెలియక అద్దంలో అన్నిటినీ అనుమానంగా చూసుకునేదాన్ని. మరో సంబంధం రాలేదు. స్కూల్లో ఉద్యోగం దొరికింది, నాన్న పోయారు, అమ్మా నేనూ మిగిలాం.

పోయిన ఏడాది ఉపవాస కూటాలకి షిల్లాంగ్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. జీవితమంతా బైబిల్ పాఠాలు చెప్పిన మనిషి, నెమ్మదైనవాడు. బెంగాలీ గానీ హిందీ గానీ సరిగా రావు, అంతా ఇంగ్లీషే. ఆయన ఎంచుకున్న విషయం కూడా నాకు నచ్చింది. జనం చదవకుండా దాటేసే కష్టమైన వాక్యభాగాలే తీసుకుని చెబుతానన్నాడు.

శనివారం కూటం అయ్యాక అమ్మ ఆయనతో ఏదో మాట్లాడాలంది. నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను, ఎంతైనా తర్జుమా నా పని కదా. అమ్మ నా చెయ్యి తీసేసి, "నువ్వు ఒద్దులే. అమ్మగారు సెప్తారు" అంది. అమ్మగారంటే పాస్టరుగారి భార్య. వాళ్ళు ముగ్గురూ లోపలి గదిలోకి వెళ్ళారు. ఊరందరికీ నేను పనికొస్తాను, కన్నతల్లికి పనికిరానా అని ఒళ్ళు మండిపోయి, వరండాలో టీ గ్లాసులు చప్పుడయ్యేలా కడిగాను.

దారిలో అడిగితే, "ముసిల్దాన్ని, ఏవో నా సందేగాలు నాకుంటాయి" అంది. మోకాళ్ళ నొప్పులకి ప్రార్థన చేయించుకుందేమో, నా దగ్గర సిగ్గుపడిందేమో అనుకుని ఊరుకున్నాను.

ఆదివారం ఆయన తీసుకున్నది మొక్కుకున్న సేనాధిపతి కథ. యుద్ధంలో గెలిపిస్తే, నా ఇంటి గుమ్మంలోంచి మొదట నాకెదురొచ్చేది ఏదైనా సరే దేవుడికి బలి ఇస్తానని మొక్కుతాడు. గెలిచి తిరిగొస్తాడు. ఒక్కగానొక్క కూతురు వాయిద్యాలతో నాట్యమాడుతూ ఎదురొస్తుంది.

"ఈ భాగం దగ్గర పండితులు రెండుగా చీలిపోయారు" అన్నాడాయన. చెప్పాను. "తండ్రి ఆమెని నిజంగానే బలి ఇచ్చేశాడని కొందరంటారు. లేదు, చంపలేదు, పెళ్ళి లేకుండా దేవుని సేవలో ఉంచేశాడని కొందరంటారు." చెప్పాను. "ఈ రెండో అర్థం వినగానే మనందరం ఊపిరి పీల్చుకుంటాం, పోనీలే బతికింది కదా అని." అదీ చెప్పాను. జనం తలలూపారు. నేనూ నా వంతు ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడాయన, ఈ మధ్య ఒక తల్లి నన్ను కలిసింది, ఊరు చెప్పను, అని మొదలుపెట్టాడు.

ప్రసంగీకుడు నేను అంటే తర్జుమా చేసేవాళ్ళం కూడా నేను అనే అంటాం. తర్వాత ఏ మాట వస్తుందో మాకూ తెలీదు. ఆయన ఒక వాక్యం చెప్పి ఆగుతాడు, మేం చెబుతాం, మళ్ళీ ఆయన. "నన్ను ఒక తల్లి కలిసింది" అన్నాను. "ఆమె భర్తకి పనిచేసే చోట దెబ్బ తగిలి, ఇక లేవడన్నారు" అన్నాను. మా నాన్నకి వర్క్‌షాపులో గొలుసు జారి నడుం మీద పడింది. అలాంటి దెబ్బలు ఎంతోమందికి తగులుతాయి కదా అనుకున్నాను. "ఆయన లేచి నడిస్తే, నా కూతుర్ని పెళ్ళి చెయ్యకుండా నీ సేవకే ఇచ్చేస్తానని ఆ తల్లి మొక్కుకుంది" అన్నాను. "ఆయన నడిచాడు" అన్నాను.

"వేరే ఊరి నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళకి ఆ అమ్మాయి చాలా నచ్చింది. మళ్ళీ మళ్ళీ కబురు పెట్టారు." అక్కడ నాకు చక్రధర్‌పూర్ గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ళ అలవాటు, నోరు మాత్రం నా కోసం ఆగలేదు. "మొక్కు తప్పుతానేమోనని తల్లి భయపడింది. మా పిల్లకి మూర్ఛ రోగమని వాళ్ళకి కబురు చేసింది. వాళ్ళకి నువ్వు నచ్చలేదని కూతురితో చెప్పింది."

ఆ మాట స్పీకర్లోంచి నా గొంతుతోనే వచ్చి నాకు వినపడింది. రెండో వరసకేసి చూశాను. అమ్మ తన ఒళ్ళోకి చూసుకుంటోంది. పక్కన అమ్మగారు కూడా తలెత్తలేదు. ఆవిడకి నిన్నట్నుంచీ తెలుసు. పాపం ఆ పెద్దాయనకి తెలీదు, ఆ కూతురు మైకు పట్టుకుని తన పక్కనే ఉందని.

ఆయన చెబుతూనే ఉన్నాడు, నేనూ చెబుతూనే ఉన్నాను. ఆ బలిని దేవుడు అడిగినట్టు ఈ కథలో ఎక్కడా లేదన్నాడు. మొక్కింది మనిషే, తీర్చిందీ మనిషేనన్నాడు. ఆ కూతురు రెండు నెలలు గడువడిగి, స్నేహితురాళ్ళతో కొండల మీదకి వెళ్ళి, తనకి పెళ్ళి లేకుండా పోయిందని ఏడ్చి వచ్చిందన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ పిల్లకి కనీసం చెప్పారు. ఏడవడానికి ఒక కొండైనా చూపించారు. నన్ను అద్దం ముందు వదిలేశారు.

చివర్న ఆయన రెండో వరస వైపు తిరిగి, అమ్మని చూస్తూ, మెల్లగా ఒక చిన్న వాక్యం అన్నాడు. దేవుడు ఆ తల్లిని క్షమించాడు, ఆమె సమాధానంతో, నిశ్చింతగా ఇంటికి వెళ్ళొచ్చు. అని ఆగాడు, నా కోసం.

అమ్మ తలెత్తి నా నోటికేసి చూసింది.

నేను అనలేదు. వినపడలేదేమో అనుకుని ఆయన అదే మాట మళ్ళీ అన్నాడు. కుర్రాళ్ళందరికీ అర్థమైపోయింది. మైకు పక్కకి తీసి, "తర్వాతి మాట చెప్పండి సార్" అన్నాను ఇంగ్లీషులో. ఆయన నా ముఖం చూశాడు, అమ్మ ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ప్రార్థన మొత్తం తర్జుమా చేశాను.

ఇంటికొచ్చాక అరిచాను. చుట్టుపక్కల ఇళ్ళకి వినపడేలా అరిచాను. అమ్మ చాప మీద కూర్చుని అంతా విని, "మొక్కినాక ఇయ్యకపోతే ఊరుకుంటాడేటే? మీ నాన్నని మల్లీ తీసుకుపోతే?" అంది. అమ్మ పుట్టింది అమ్మవారికి మేకలూ తలనీలాలూ మొక్కే ఇంట్లో. దేవుణ్ణి మార్చుకుంది గానీ బేరం మార్చుకోలేదు.

"నన్నొక మాట అడగొచ్చు కదా!"

"అడిగితే నువ్వు ఒద్దంటావు కదే."

"రోగమని చెప్పడానికి నోరెలా వచ్చింది నీకు?"

"ఇంకేటి సెప్తే మానుతారు ఆలు? నువ్వంటే అంత ఇదిగా ఉన్నారు" అంది అమ్మ. నన్ను ఓదారుస్తున్నాననుకుందో ఏమో, "ఆ మైకు కూడా నానే అయ్యగారికి సెప్పి ఇప్పించినాను. సేవ అనేది ఏదో ఒకటి జరగాల కదా" అంది.

ఆ ఒక్కటైనా నాది అనుకున్నాను నేను.

మైకు ఇచ్చేశాను. పాత పెద్దాయన మళ్ళీ వచ్చాడు, సముద్రాలూ నక్షత్రాలూ మళ్ళీ వచ్చాయి. అమ్మని మందిరం గుమ్మం దాకా తీసుకెళ్ళి దింపుతాను, అయ్యాక వెళ్ళి తీసుకొస్తాను.

ఆ షిల్లాంగ్ పెద్దాయన ఏమన్నాడో అమ్మగారు అమ్మకి ఎప్పుడో చెప్పే ఉంటుంది. అయినా అమ్మ నన్నే అడుగుతుంది. మొన్న కూడా అన్నానికి కూర్చుంటూ, "ఆ రోజు ఆకర్న ఆయన నాకేసి సూసి ఏటో అన్నాడు. ఏటన్నాడే?" అని, నా నోటికేసి చూస్తూ ఉండిపోయింది.

టీపాయ్ ఆమె దగ్గరికి జరిపి కంచం పెట్టాను. ఆ టికెట్ ఇంకా దాని కాలి కిందే ఉంది, అది ఊగదు.

"తిను, చల్లారిపోతుంది" అన్నాను.