గాగుల్స్‌లో కనిపించిన ఆమె

దయ్యాల మాట వస్తే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. నల్గొండ దగ్గర మా ఊళ్లో శ్మశానం పక్క దారిన పోవాలంటే మగవాళ్లే తోడు వెతుక్కునేవారు. నేను రోజూ ఆ దారినే ఒక్కదాన్నే ట్యూషన్‌కు వెళ్లొచ్చేదాన్ని. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం లేదు. కాబట్టి పోయిన ఎండాకాలంలో నాకు జరిగినదాన్ని ఏమనాలో తెలియక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను, నా భర్త ప్రభాకర్ పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాం. కింద కెమెరా పని ఆయనది, డ్రోన్ ఎగరేసే పని నాది. మీర్‌పేట్‌లో కిరాయికి ఉంటాం. మా మామ, అంటే ప్రభాకర్ తండ్రి, కూడా మాతోనే ఉంటారు. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు. రెండేళ్లుగా మతిమరుపు. కొన్ని రోజులు పొద్దున్నే చొక్కా వేసుకుని, డ్యూటీకి లేటైందని చెప్పులు వెతుక్కుంటారు. మేం మెల్లగా మాటల్లో పెట్టి కూర్చోబెడతాం.

ఆ రోజుల్లో మా ఇద్దరి మధ్య ఒక చిన్న వాదన నడుస్తోంది. డ్రోన్ చూపించే దృశ్యాన్ని నేను అప్పటిదాకా ట్యాబ్‌లో చూస్తూ ఎగరేసేదాన్ని. మండపం దగ్గర అది చాలు. కానీ మిట్టమధ్యాహ్నం బయట ఎగరేస్తే తెర మీద నా ముఖం తప్ప ఇంకేం కనిపించదు. అందుకని దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు తెలిసిన షాపాయన దగ్గర, ఆ దృశ్యాన్ని కళ్లకు పెట్టుకుని చూసే డ్రోన్ గాగుల్స్ తెచ్చాను. వారం వాడి చూసి, నచ్చితే ఉంచుకోమన్నాడు.

గాగుల్స్ కళ్లకు పెట్టుకుంటే మనమే పైకి లేచినట్టుంటుంది. చిన్న గడ్డిపోచ కూడా తేటగా కనిపిస్తుంది. కాకపోతే మన చుట్టూ ఏముందో తెలియదు. డ్రోన్‌ను మామూలు కళ్లతో చూస్తూ పక్కన ఇంకొకరు నిలబడాలి. మొదటిరోజు నాకు తల తిరిగి నేల మీద కూర్చుండిపోయాను. ప్రభాకర్ వాపస్ ఇచ్చేద్దామన్నాడు. నేను ఇంకా తేల్చుకోలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మామ ఇంట్లోంచి వెళ్లిపోయారు. నేను బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లి వచ్చేసరికి గేటు తీసి ఉంది. గేటుకు గొళ్లెం పెట్టకపోవడం నా తప్పే.

పోలీస్ స్టేషన్‌లో చెప్పాం. రాత్రంతా వెతికాం. తెల్లవారాక ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటోవాళ్లకు ఫోటో చూపిస్తుంటే యాదగిరి అనే డ్రైవర్ గుర్తుపట్టాడు.

“గీ పెద్దాయన నిన్న నా ఆటోనే ఎక్కిండు. డ్యూటీకి లేటైతుంది, జల్ది పోనియ్ అన్నడు. అబ్దుల్లాపూర్‌మెట్ దాటినంక దిగిండు. నాకేం ఎరుక, మంచిగనే మాట్లాడిండు.”

ఆయనే మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లాడు. డ్రోన్‌తో వెతుకుతామని స్టేషన్‌కు ఫోన్ చేసి చెబితే సరేనన్నారు. రోడ్డు దిగితే అంతా ప్లాట్లు చేసి వదిలేసిన నేల. హద్దురాళ్లు, బండలు, మనిషెత్తు ముళ్లచెట్లు. బాపూ, మామా అని పిలుస్తూ తిరిగినా జవాబు లేదు. రోడ్డు మీది చాయ్ హోటలాయన, ఒక ముసలాయన అవతలి వైపు పోయినట్టు గుర్తన్నాడు కానీ యాదగిరి దింపింది ఇవతల.

నా దగ్గర మూడు బ్యాటరీలున్నాయి. అలవాటు కొద్దీ ట్యాబ్‌తోనే మొదలుపెట్టాను. పది దాటిందో లేదో ఎండ తెర మీద పడింది. తువ్వాల కప్పుకుని చూసినా బండేదో మనిషేదో తేల్చుకోలేకపోయాను. రెండు బ్యాటరీలు అలాగే అయిపోయాయి. మిగిలింది ఒక్కటి. ఇరవై నిమిషాలకు మించి రాదు.

నేను సంచిలోంచి గాగుల్స్ తీశాను.

“అవొద్దు. తల తిరిగి పడితివంటే ఉన్న ఒక్క బ్యాటరీ గూడ పాయె,” అన్నాడు ప్రభాకర్.

“ట్యాబ్‌ల ఏమన్న కనబడ్తుందా, నువ్వే చెప్పు.”

 ప్రభాకర్ గాగుల్స్‌కు వైరు కలిపి ట్యాబ్ తన చేతిలో పెట్టుకున్నాడు. అలా కలిపితే నేను చూసేదే అందులోనూ వస్తుంది. ఆయన తెర మీదకు వంగి, తల చుట్టూ తువ్వాల కప్పుకున్నాడు. పైన డ్రోన్‌ను చూసే పని యాదగిరి తీసుకున్నాడు.

పది నిమిషాలు గడిచాయి. పెద్ద బండల గుట్ట పక్కన ఒకామె నిలబడి కనిపించింది. ఆకుపచ్చ చీర, దాని మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాల. మా ఊళ్లో కూలికి పోయే ఆడవాళ్లు అలాగే ఉంటారు. కుడిచెయ్యి ఎత్తి రమ్మన్నట్టు ఊపుతోంది.

“గా బండల పక్కన ఒకామె పిలుస్తుంది, సూశినవా?”

“ఏ ఆమె? ముండ్లచెట్లే ఉన్నయ్ గాడ.”

“మంచిగ సూడు.”

“సూస్తున్న సలోమీ. ఎవ్వరు లేరు.”

గాగుల్స్ నుదుటి మీదికి జరిపి, తువ్వాల కింద తల దూర్చి ట్యాబ్ చూశాను. అదే గుట్ట, అవే చెట్లు. మనిషి లేదు. మళ్లీ గాగుల్స్ దించుకున్నాను. ఆమె అక్కడే ఉంది. ఇప్పుడు చెయ్యి ఊపడం మానేసి తన కాళ్ల దగ్గర నేల చూపిస్తోంది.

నాకు భయం వేయలేదు. తెలిసిన మనిషి దారి చెబుతున్నట్టే అనిపించింది.

“రోడ్డు అవతలికి తిప్పు. చాయ్ హోటలాయన ముసలాయన గటే పోయిండన్నడు గద,” అన్నాడు ప్రభాకర్.  తప్పిపోయింది ఆయన తండ్రి. నేను పొరపాటు పడితే ఆ బ్యాటరీతో పాటు ఇంకేం పోతుందో ఇద్దరికీ తెలుసు.

“ఈడనే ఉన్నడు,” అన్నాను. ఎందుకంత గట్టిగా అన్నానో నాకే తెలియదు. మ్యాప్‌లో ఆ చోటు గుర్తు పెట్టి డ్రోన్ దింపాను.

మ్యాప్‌లో ఆ గుర్తు చూసుకుంటూ ముగ్గురం పరుగెత్తాం. బండల పక్కన ఎవరో నీళ్ల సంపు కోసం తవ్వి వదిలేసిన గొయ్యి ఉంది. ముళ్లచెట్టు దాని మీదికి పూర్తిగా వాలిపోయింది. పైనుంచి ఎంత చూసినా ఆ గొయ్యి కనిపించే వీలు లేదు. లోపల మామ ఒక పక్కకు పడి ఉన్నారు. కాలు మడతపడింది, పెదవులు పగిలిపోయాయి. నన్ను చూసి, “డ్యూటీ అయిపోయిందా బిడ్డా?” అన్నారు.

“అయిపోయింది మామా, ఇంటికి పోదం,” అన్నాను.

యాదగిరి గోతిలోకి దిగి ఆయన్ను భుజం మీద ఎత్తి ఇచ్చాడు. దవాఖానలో డాక్టరమ్మ, ఇంకో పూట ఆ ఎండలో ఉంటే బతికేవారు కాదని చెప్పింది.

ఆ చుట్టుపక్కల ఏ ఆడమనిషీ లేదు. తరువాత మళ్లీ వెళ్లి అడిగాం. అక్కడ ఆ నెలలో పనులే జరగలేదన్నారు. మామ కాస్త తేరుకున్నాక, ఎవరైనా వచ్చి పలకరించారా అని అడిగాను. “ఎవ్వరు రాలేదు బిడ్డా,” అన్నారు.

డ్రోన్‌లోని మెమరీ కార్డు ఇంట్లో పెద్ద తెర మీద పెట్టి ఎన్నిసార్లు చూశామో. గుట్ట ఉంది, చెట్లున్నాయి, నేను డ్రోన్‌ను ఆపిన చోటు ఉంది. ఆమె లేదు. షాపాయనకు చెబితే, దగ్గర్లో ఇంకెవరిదో డ్రోన్ ఉంటే దాని దృశ్యం కలిసిందేమో అన్నాడు. అలాగైతే ట్యాబ్‌లోనూ రావాలి కదా అన్నాను.  రాత్రంతా నిద్ర లేదు, ఎండ, గాగుల్స్‌తో తల తిరగడం, ఇవన్నీ నేనూ ఆలోచించాను. తల తిరిగితే మనిషి కనిపించవచ్చు. ఆ మనిషి సరిగ్గా ఆ గొయ్యినే ఎలా చూపిస్తుంది?

గాగుల్స్ మా దగ్గరే ఉంచుకున్నాం. పెళ్లిళ్లకు ఇప్పటికీ ట్యాబే వాడతాను. గాగుల్స్‌తో చాలాసార్లు ఎగరేశాను కానీ ఆమె మళ్లీ కనిపించలేదు.

మామ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. ఆయన నడక మొదలుపెట్టిన వారమే, ఆదివారం చర్చిలో, జరిగిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే ప్రభాకర్ లేచాడు. పదిమందిలో నోరు తెరవని మనిషి. ఆటో యాదగిరికి, డాక్టరమ్మకు, దేవునికి వందనాలు చెప్పాడు. కూర్చుంటాడనుకున్నాను. నా వైపు తిరిగి, మళ్లీ అన్నాడు:

“ఇంకొకామెకు గూడ చెప్పాలె. నేనైతే ఆమెను సూడలే. పేరు తెల్వదు. నా భార్య సూశింది. మా బాపు ఇంటికొచ్చిండు.”