మల్లేశ్ చేత తన్నించిన మట్టి

నా గుండెల మీద గిన్నెడు మట్టి ఉంది. గిన్నెడే. ఇరవై ఏళ్లు మోసేసరికి గోల్కొండ గుట్టంత అయింది. నేను ప్రతిదాన్నీ పెంచి చెబుతానని నా రాతలు చదివే మీకు తెలుసు. మా ఇంటి పిల్లిని పులిగా రాసి, బహదూర్‌పురా జూ వాళ్లు వల పట్టుకుని వచ్చారని వీధంతా నమ్మించినవాణ్ణి. ఈ బరువు మాత్రం పెంచింది కాదు. మీకు కాకపోతే ఎవరికి చెప్పను?

డెబ్బైల మొదట్లో బేగంబజార్‌లో ఇత్తడి సామాన్లమ్మే ఒక సేఠ్ కుస్తీ కంపెనీ పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నాలు ఆట. చెక్కల వేదిక, చుట్టూ తాళ్లు. ఎవరు గెలవాలో ముందే రాసేది నేను. మైకులో అరిచేదీ నేనే. నా గొంతుకు మూసీలో పడుకున్న బర్రెలు లేచి ఒడ్డెక్కేవి. జనం మాత్రం అంతా నిజమనే అనుకునేవారు. ఆ నమ్మకం మీదే కంపెనీ నడిచేది. అందుకే రాత సంగతి బయట పెట్టబోమని పహిల్వాన్లందరి చేతా సేఠ్ ఒట్టు వేయించుకున్నాడు.

మా హీరో మల్లేశ్. ధూల్‌పేట్ తాలీంలో, అంటే కుస్తీ గోదాలో, ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవాడు. పసుపు, నూనె, మజ్జిగ పోసి ఉస్తాద్ కలిపిన తాలీం మట్టిని చిన్న గిన్నెలో తెచ్చి, నుదుటికి పెట్టుకుని, వేదిక మూలన ఉంచి ఆటకు దిగేవాడు. అది చూడడానికే ధూల్‌పేట్ సగం కదిలి వచ్చేది.

నాకది చాల్లేదు. ఎప్పుడూ మంచివాడే గెలిస్తే ఎలా? వాణ్ణి దుర్మార్గుణ్ణి చేస్తే జనం మండిపోరా, వాడు ఓడిపోతే చూద్దామని వచ్చేవారం విరగబడరా? గెలిచాక ఆ గిన్నెను కాలితో తన్నమన్నాను. మల్లేశ్ ససేమిరా అన్నాడు. ఉస్తాద్‌కు మొహమెట్లా చూపించాలన్నాడు. ఉస్తాద్‌కు ముందే చెప్పానని, నవ్వి సరేనన్నాడని చాలా మామూలుగా అన్నాను. నేను ఆయన్ని కలవనే లేదు. తాలీం మా సందు వెనకే. ఎందుకు వెళ్లలేదు? బద్ధకమా? ఒప్పుకోడని తెలిసే వెళ్లలేదా? తెలిసే.

మల్లేశ్ తన్నాడు.

తిట్లు వానలా కురుస్తాయని ఎదురుచూశాను. ఒక్కటీ రాలేదు. జనం చప్పుడు లేకుండా లేచి చెప్పులు వెతుక్కున్నారు. ముందు వరసలోంచి ఉస్తాద్ వేదిక ఎక్కాడు. వంగి, చెదిరిన మట్టిని చిటికెడు చిటికెడుగా తువ్వాలలోకి ఎత్తుకున్నాడు. వెళ్లేవాళ్లు ఆగిపోయారు.

"ఎవరు చెప్పిండ్రు బేటా, గిట్ల చెయ్యమని?"

మల్లేశ్ నావైపు చూశాడు. ఉస్తాద్‌కు ఏమీ తెలియదని వాడికి అప్పుడే అర్థమైంది. నేను మైకు వైరు చిక్కు తీయసాగాను. వైరుకు చిక్కే లేదు.

"ఎవ్వరు చెప్పలె ఉస్తాద్. నాకే అనిపించింది, తన్నిన."

"గట్లనా. అయితే రేపటి సంది తాలీం గడప తొక్కకు."

నా పేరు చెబితే రాత సంగతి బయటపడి కంపెనీ మునుగుతుందని వాడు ఒట్టుకు కట్టుబడ్డాడు. కంపెనీ ఎలాగూ మునిగింది. జనానికి కోపం తెప్పిద్దామనుకుని వాళ్ల మనసు విరిచాను. కోపమొచ్చినవాడు మళ్లీ టికెట్ కొంటాడు, మనసు విరిగినవాడు ఆ దారినే రాడు. ఖాళీ కుర్చీలకు నేను కొన్నాళ్లు అరిచాక, సేఠ్ వేదిక తాళ్లు విప్పించి వాటితోనే తన ఇత్తడి బిందెల మూటలు కట్టుకున్నాడు. మల్లేశ్ పొగరే ముంచిందని అందరూ అన్నారు. నేనూ తలూపాను.

ఈమధ్య ఉస్తాద్ పోయాడు. తాలీంలో సంతాపసభ పెట్టి మైకు నాకే ఇచ్చారు. బేగంబజార్‌లో మూటలు మోసే మల్లేశ్ గడప అవతల నిలబడి విన్నాడు. ఎవరో రమ్మంటే రాలేదు. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగి, ఇంకో తమాషా చెప్పి ఏడ్చేవాళ్లను నవ్వించాను.

బయటికొచ్చాక వాడు, "మంచిగ మాట్లాడినవ్ అన్నా," అన్నాడు. వెక్కిరింపా? అయితే ఎంత బాగుండును. కాదు.

అందుకే రాస్తున్నాను. ఉస్తాద్‌కు నేను చెప్పలేదు. మల్లేశ్‌తో అబద్ధమాడాను.

ఈ రెండు మాటల్లో పెంచడానికి నాకేమీ దొరకలేదు. రాశాక గుండె మీది గిన్నె కాస్త పక్కకు జరిగి ఊపిరి ఆడుతోంది. మల్లేశ్ మాత్రం ఇంకా గడప అవతలే ఉన్నాడు.