గ్రహణం మీద పడిన నింద

2022. నాచారం పారిశ్రామికవాడ వెనక బజారులో నేను మెడికల్ షాపు పెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లు. దీపావళి మర్నాడు సాయంత్రం సూర్యగ్రహణం పట్టింది. బజారంతా తలుపులు వేసుకుంది. నేను మాత్రం షాపు ముందు బెంచీ వేసి, మిర్చి బజ్జీలు తెప్పించి, వచ్చినవాళ్లందరికీ పెడుతున్నాను. చదువుకునే రోజుల్లో మూఢనమ్మకాల మీద గొంతు పోయేదాకా వాదించినవాణ్ని. కౌంటరు మీద బోర్డు కూడా ఉండేది: ‘అడగనిదే ఏదీ నమ్మకండి.’

ఎదురింటి గడపలో మంజుల నిలబడి చూస్తోంది. బట్టల కంపెనీలో ప్యాకింగ్ పని చేసే అమ్మాయి. పెళ్లయి రెండేళ్లు, ఇప్పుడు ఐదో నెల. లోపల్నుంచి అత్త నరసమ్మ అరుస్తోంది.

“లోపటికి రాయే! పోరనికి గ్రహణం మొర్రి పడ్తది!”

పుట్టుకతోనే పైపెదవి, ఒక్కోసారి అంగిలి కూడా చీలి ఉండటాన్ని గ్రహణం మొర్రి అంటారు. పేరులోనే అబద్ధాన్ని మోసుకు తిరుగుతున్న లోపం. ఆ మాట చెవిన పడగానే నాకు ఒళ్లు మండింది.

“సూర్యునికి చంద్రుడు అడ్డమొస్తే నీ మనుమని పెదవి ఎట్ల చీల్తది, నరసమ్మా?”

“నీకేంది సారు, మగోనివి. మోసినవా, కన్నవా?”

బెంచీ మీదవాళ్లు పగలబడి నవ్వారు. నేను వదల్లేదు. “మంజులా, నువ్వు జెప్పు బిడ్డా. కడుపుల పిల్లకు పెదవి తయారయ్యేది రెండో నెలలనే. నీకిప్పుడు ఐదో నెల. అతుక్కున్న పెదవిని గ్రహణమొచ్చి కోస్తదా?”

మంజుల గడప దాటింది. రోడ్డు మీదికొచ్చి, ఎండలో నిలబడి బజ్జీ కొరికింది. “మస్తున్నయ్ సారు,” అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రోజు నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. నా సిగ్గంతా అక్కడే ఉంది. రెండో నెల సంగతి అంత గట్టిగా చెప్పినవాణ్ని, ఆ రెండో నెలలో నువ్వేం మందులు వాడావమ్మా అని అడగలేదు.

మార్చిలో మగపిల్లవాడు పుట్టాడు. ఎడమవైపు పైపెదవి ముక్కుదాకా చీలి ఉంది. అంగిలీ మూసుకోలేదు. వాడికి పాలు పీల్చడం రాదు; పట్టిన పాలు ముక్కులోంచి బయటికొచ్చేవి. మెత్తగా నొక్కితే పాలొచ్చే సీసా కోసం నరసమ్మ నా షాపుకే వచ్చింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు.

“బజ్జీ తిను బిడ్డా, ఏం గాదు అన్నవ్ గద సారు,” అంది, సీసా కొంగులో పెట్టుకుంటూ. నేను మళ్లీ నెలల లెక్క మొదలుపెట్టేలోపే రోడ్డు దాటిపోయింది.

ఆ వారమే మంజుల భర్త సైదులు వచ్చాడు. ఉప్పల్‌లో లిఫ్టులు బాగుచేసే పని అతనిది. ప్రతి నెలా లాగే మాత్రల ఖాళీ స్ట్రిప్ తీసి కౌంటరు మీద పెట్టాడు. మందుల షాపుల్లో చాలా బేరం ఇట్లాగే నడుస్తుంది. డాక్టరు చీటీ ఉండదు. అయిపోయిన స్ట్రిప్ చూపిస్తారు, అదే మందు ఇస్తాం. ఇవ్వకూడదు. ఇస్తాం. ఇవి ఫిట్స్ మాత్రలు. రెండేళ్లుగా అతనికే అనుకుని ఇచ్చానంటే అది కూడా అబద్ధమే. నేనేమీ అనుకోలేదు.

“ఇవి ఎవరికి, సైదులూ?”

అతను వెనక్కి తిరిగి తమ గడప వైపు చూశాడు. “మంజులకే సారు. చిన్నప్పటి సంది ఫిట్స్ ఉన్నయ్. మా అమ్మకు తెల్వదు.”

చెకప్‌కు ప్రతిసారీ అత్త పక్కనే కూర్చునేదట. అందుకే డాక్టరమ్మకూ చెప్పలేదట. ఆ మందు తొలి నెలల్లో తల్లి వాడితే మొర్రి ప్రమాదం పెరుగుతుందని నాకు తెలుసు. మంజుల గర్భం పరీక్ష చేసుకునే కిట్ కొన్నదీ నా దగ్గరే. రెండూ ఈ చేతులతోనే ఇచ్చాను.

పెద్ద దవాఖానాకు మంజుల, సైదులుతో నేనూ వెళ్లాను. డాక్టరు తొందరపడి ఎవరి మీదా నేరం మోపలేదు. పొగతాగడం, అదుపులో లేని షుగరు, వంశంలో మొర్రి ఉండటం, కొన్ని మందులు, వీటిలో ఏదైనా కావచ్చు, చాలాసార్లు కారణమే దొరకదు అన్నాడు. కానీ గర్భానికి ముందే వచ్చి ఉంటే మందు మార్చడమో, మోతాదు తగ్గించడమో చూసేవాళ్లమన్నాడు. ఫోలిక్ యాసిడ్ ముందునుంచే మొదలుపెట్టేవాళ్లమన్నాడు. భయపడి సొంతంగా ఆపితే మాత్రం తల్లికీ బిడ్డకీ మరింత ముప్పని హెచ్చరించాడు.

బయటికి రాగానే, “నరసమ్మకు నేను జెప్త. గ్రహణం గాదని రుజువు చేస్త,” అన్నాను.

మంజుల ఆగిపోయింది. “వద్దు సారు. గ్రహణమంటే మిమ్మల్ని తిడ్తది. మందంటే నన్ను ఇంట్ల ఉండనియ్యది.”

“అది అబద్ధం బిడ్డా.”

“తెల్సు సారు. జర మీరు మొయ్యండి.”

మోస్తున్నాను. తర్వాత వచ్చిన గ్రహణాలకు మా బజారులో ఒక్క గర్భిణి కూడా గడప దాటలేదు. “సారు మాట ఇని ఆ పిల్లకు ఏమైందో సూడలే?” అని నాకు వినపడేట్టే అంటారు. జవాబు నా దగ్గరుంది. చెప్పుకోలేను.

పిల్లవాడికి కొన్ని నెలల వయసులో పెదవికి, ఏడాది దాటాక అంగిలికి ఆపరేషన్లు అయ్యాయి. కొన్ని మాటలు ఇంకా ముక్కుతో వస్తాయి. మాట నేర్పే చోటికి తీసుకెళ్తున్నారు.

బోర్డు తీసేశాను. అవతలివాళ్ల నమ్మకాన్ని ప్రశ్నించడం నాకు ఎప్పుడూ తేలికే. నా అలవాటును ప్రశ్నించడానికే ఒక పసివాడి మూతి చీలాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరు ఖాళీ స్ట్రిప్ పెట్టినా ఎవరికని అడుగుతాను. డాక్టరు చీటీ లేకపోతే ఇవ్వను. కోపగించుకుని పక్క షాపుకు పోయేవాళ్లు పోతున్నారు. పోయిన నెల సైదులు చీటీతో వచ్చాడు.

“ఇంకో బిడ్డ ఆలోచన ఉందా?” అన్నాను.

“ఉంది సారు.”

“అయితే ఇప్పుడే డాక్టరును కలువుండ్రి. గప్పటిదాంక మాత్ర ఒక్కపూట గూడ ఆపొద్దు. చెకప్‌కు మీ అమ్మ గాదు, నువ్వే పో.”

మంజుల ఒప్పుకున్నాకే, పేర్లూ పనులూ మార్చి ఇది రాశాను. నరసమ్మ మనుమణ్ని తీసుకుని నా షాపు ముందు నుంచి పోయేటప్పుడు, నా చూపు పడకుండా వాణ్ని రెండో పక్కకు మార్చుకుంటుంది. వాడు ఆమె కొంగు తప్పించి నాకు చెయ్యి ఊపుతాడు. నేనూ ఊపుతాను. నరసమ్మతో ఏమీ వాదించను.